శిల్పికి పేరు పెట్టిన నవల: అడివి బాపిరాజు రచనలో చేతిపని భావన – రామతీర్థం నుంచి ఒక పరిశీలన

1. ప్రస్తావన

అడివి బాపిరాజు (1895–1952) నవలలపై వచ్చిన విమర్శలో రెండు మాటలు తరచుగా వినిపిస్తాయి. నవల రాసినా ఆయన కవిగానే మిగిలారన్నది ఒకటి. ఆయన నవలల్లో వర్ణన కథను దాటిపోతుందన్నది రెండవది. మొదటిది మెచ్చుకోలు, రెండవది ఆక్షేపణ. రెండింటికీ ఆధారమైన భావన మాత్రం ఒకటే. నగలు, వస్త్రాలు, బండ్లు, మందిరాలు, విగ్రహాలు బాపిరాజు వాక్యంలో అంతసేపు నిలవడం కేవలం ఉత్సాహమనీ, కథకు అది పైపూత అనీ ఈ రెండు మాటలూ ముందే ఒప్పుకుంటున్నాయి.

ఈ వ్యాసం ఆ ఒప్పుకోలును ప్రశ్నిస్తుంది. వస్తువు మీద బాపిరాజు చూపిన శ్రద్ధ ఒక ఆలోచన నుంచి వచ్చింది. ఒక సమాజం ఎంత ఆరోగ్యంగా ఉందో, అందులో తయారయ్యే వస్తువుకూ దాన్ని తయారుచేసే చేతికీ ఉన్న సంబంధాన్ని బట్టి తెలుస్తుందన్నదే ఆ ఆలోచన. పందొమ్మిదవ శతాబ్దం చివర ఇంగ్లండులో ఇది ‘ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్’ ఉద్యమంగా రూపుదిద్దుకుంది. దానికి దగ్గరి ఆలోచన తెలుగు నేలలో రాజమహేంద్రవరం, బందరుల్లో పెరిగింది. ‘హిమబిందు’లో ఒక శిల్పి కథానాయకుడు కావడానికి మూలం అక్కడ ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అదే సమయంలో ఆ ఆలోచనకు ఒక హద్దు ఉంది. అమరావతి పాలరాతి వైపు నుంచి చూసినప్పుడు ఆ హద్దు కనపడదు. విజయనగరం జిల్లా రామతీర్థం కొండల మీది ఇటుక కట్టడాల వైపు నుంచి చూస్తే కనపడుతుంది.

2. చేతిపని ఒక సిద్ధాంతమైన తీరు

యంత్రం వచ్చాక వస్తువులు చౌకయ్యాయి, పనివాడు చిన్నవాడయ్యాడు. ‘స్టోన్స్ ఆఫ్ వెనిస్’ (1851–53)లో జాన్ రస్కిన్ ఈ మార్పును అందానికి సంబంధించిన ప్రశ్నగా మాత్రమే చూడలేదు, నీతికి సంబంధించిన ప్రశ్నగా చూశాడు. ఆలోచించేవాడొకడు, చేసేవాడొకడు అయినప్పుడు ఇద్దరూ చెడిపోతారన్నది ఆయన వాదన సారాంశం. విలియం మోరిస్ దాన్ని మగ్గం, అద్దకం, ముద్రణల దాకా తెచ్చాడు. ఆ ఆలోచనను సంస్థగా నిలబెట్టడానికి గట్టిగా ప్రయత్నించినవారిలో వాస్తుశిల్పి, రూపకర్త చార్లెస్ రాబర్ట్ ఆష్‌బీ (1863–1942) ముఖ్యుడు.

ఆష్‌బీ 1888లో తూర్పు లండన్‌లో ‘గిల్డ్ ఆఫ్ హ్యాండిక్రాఫ్ట్’ను స్థాపించాడు. వెండిపని, వడ్రంగం, కమ్మరం అక్కడ ఒకే కప్పు కింద సాగేవి. 1902లో ఆ సంఘాన్ని, కుటుంబాలతో సహా సుమారు 150 మందిని, చిప్పింగ్ క్యాంప్‌డెన్ అనే గ్రామీణ పట్టణానికి తరలించాడు. పల్లె గాలిలో పని, పాట, చదువు కలిసి సాగాలన్నది ఆయన కోరిక. అయితే లండన్‌లోని పెద్ద దుకాణాలు అదే తరహా వస్తువులను యంత్రాలతో చేయించి తక్కువ ధరకు అమ్మసాగాయి. 1908 నాటికి గిల్డ్ మూతపడింది. ఈ వైఫల్యంలో ధరల పోటీ ఒక్కటే లేదు. గిల్డ్ తయారుచేసిన వస్తువుల్లో ఎక్కువ వాటికి రూపకల్పన చేసింది ఆష్‌బీయే. ఆలోచించే తల, చేసే చెయ్యి వేరుకారాదన్న సంఘంలో కూడా తల ఒకరిదిగా, చేతులు పలువురివిగా మిగిలాయి. ఈ వైరుధ్యం మనకు ముందుముందు అవసరమవుతుంది.

ఈ ఉద్యమానికీ భారతదేశానికీ మధ్య వంతెన ఆనంద కుమారస్వామి. క్యాంప్‌డెన్ సమీపంలోని ఒక పాత నార్మన్ ప్రార్థనామందిరాన్ని ఆష్‌బీ ఆయన కోసం నివాసంగా మలిచాడు. కుమారస్వామి అక్కడే ‘మిడీవల్ సింహళీస్ ఆర్ట్’ (1908) గ్రంథాన్ని చేతి ముద్రణాయంత్రం మీద అచ్చు వేయించారు. మరుసటి ఏడు వచ్చిన ఆయన ‘ది ఇండియన్ క్రాఫ్ట్స్‌మన్’కు ముందుమాట రాసినవాడు ఆష్‌బీ. ఇంగ్లండు పోగొట్టుకొని వెతుక్కుంటున్నది భారతదేశంలో ఇంకా బతికే ఉందనీ, దాన్ని వలసపాలన చంపుతున్నదనీ ఆ పుస్తకం చెబుతుంది. స్వదేశీ ఉద్యమం వేడిమీద ఉన్న రోజుల్లో ఈ మాటకు రాజకీయమైన బరువు సహజంగానే వచ్చింది.

3. రాజమహేంద్రవరం, బందరు

బాపిరాజు భీమవరం ప్రాంతంవారు. రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలలో ఆయన చదివిన కాలంలో ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే. 1909 నుంచి 1919 వరకు అక్కడ ఉన్న కూల్డ్రే చిత్రకారుడు, రచయిత. దామెర్ల రామారావు (1897–1925), బాపిరాజు, కవికొండల వెంకటరావు ఆయన ప్రోత్సాహం పొందినవారు. కూల్డ్రే ఈ విద్యార్థులకు ఇచ్చింది సాంకేతిక శిక్షణ కన్నా చూపు. గోదావరి ఒడ్డు, గుడి గోపురం, పల్లె పడుచు నడక చిత్రానికి తగిన వస్తువులేనన్న ధైర్యం వారికి అక్కడ దొరికింది. రామారావు ఆ ధైర్యాన్ని కుంచెలోకి తీసుకువెళ్లాడు. బాపిరాజు కుంచెతో పాటు కలంలోకి కూడా తీసుకువెళ్లారు.

రెండవ మజిలీ బందరు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యల కృషితో 1910లో ఆరంభమైన ఆంధ్ర జాతీయ కళాశాల, పుస్తక విద్యకూ వృత్తివిద్యకూ మధ్య గోడ ఉండరాదన్న సంకల్పంతో నడిచింది. క్యాంప్‌డెన్‌లో గిల్డ్ మూతపడిన రెండేళ్లకు బందరులో ఈ విద్యాలయం తెరుచుకోవడం కాలం రీత్యా యాదృచ్ఛికమే. ఆలోచన రీత్యా మాత్రం రెండూ ఒకే ప్రశ్నకు జవాబులు. ఒక భేదం గమనించాలి. ఆష్‌బీ పనివాళ్లకు సంస్కారం ఇవ్వాలనుకున్నాడు. బందరు పెద్దలు చదువుకున్నవాళ్లకు పని నేర్పాలనుకున్నారు. వలసపాలనలో గుమాస్తా చదువు తెచ్చిన జబ్బుకు వారు కనిపెట్టిన మందు అది. బాపిరాజు ఈ కళాశాలలోనే ప్రమోద్‌కుమార్ చట్టోపాధ్యాయ వద్ద చిత్రకళ అభ్యసించారు. తరువాత 1935 నుంచి 1939 వరకు దానికే ప్రిన్సిపాల్‌గా ఉన్నారు.

ఈ రెండు మజిలీల నడుమా, తరువాతా ఆయన చేసిన పనుల జాబితా పొడవైనది. సహాయ నిరాకరణోద్యమంలో జైలు, భీమవరంలో న్యాయవాద వృత్తి, ‘అనసూయ’, ‘ధ్రువ విజయం’ (1936) చలనచిత్రాలకు కళాదర్శకత్వం, హైదరాబాదులో ‘మీజాన్’ పత్రిక సంపాదకత్వం, పాటలు, కథలు, నవలలు. ఈ వైవిధ్యాన్ని చంచలత్వంగా కాక, చేతిపని సిద్ధాంతపు ఆచరణగా చూడవచ్చు. ఒక మనిషి గోడబొమ్మ గీయడం, సినిమాకు నగ రూపొందించడం, పాట కట్టడం, నవల రాయడం వేరువేరు వృత్తులు కావన్న నమ్మకం ఆ జీవితంలో ఉంది. మోరిస్, ఆష్‌బీల జీవితాల్లోనూ ఉన్నది అదే. ‘శైలబాల’, ‘తూలికానృత్యం’, ‘హంపీ శిథిలాలు’ వంటి కథల పేర్లలోనే రాయి, కుంచె, కట్టడం కనిపించడం ఈ కారణంగానే.

4. ‘హిమబిందు’: రాజు పక్కన శిల్పి

చారిత్రక నవలకు సహజమైన కథానాయకుడు రాజు, సేనాని, లేదా మారువేషంలో ఉన్న రాకుమారుడు. శాతవాహనుల ధాన్యకటకం నేపథ్యంగా వచ్చిన ‘హిమబిందు’లో రాకుమారుడు ఉన్నాడు, రాజ్యం మీద కుట్ర ఉంది, విషకన్య ఉంది. అయినా నాయిక హిమబిందు మనసిచ్చింది సువర్ణశ్రీ అనే శిల్పికి. ఆమె గొప్ప వర్తకుడు చారుగుప్తుని కూతురు. అతడు శిల్పాచార్యుడు ధర్మనంది కొడుకు. ఈ ప్రేమకథలో వాణిజ్యం, శిల్పం ఎదురుబొదురుగా నిలుస్తాయి. వర్తకుని సంపద వస్తువును కొనగలదు. వస్తువును పుట్టించగలిగినవాడు మరొకడు. నాయిక ఎవరి వైపు నడుస్తుందన్నదే నవల వేసిన ప్రశ్న అయినప్పుడు, వస్తువర్ణన కథకు పైపూత కాజాలదు. ఏ వస్తువు ఎంత విలువైనదో, ఆ విలువ ఎక్కడ పుడుతుందో పాఠకునికి కళ్లారా చూపకుండా ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం సాధ్యం కాదు. బాపిరాజు వర్ణనలు ఆ చూపించే పని చేస్తున్నాయి.

శిల్పిని కథానాయకుని చేయడం కేవలం స్వప్నలోకపు ఉదారత కాదనడానికి ఆంధ్రదేశపు శాసనాలే సాక్ష్యం. జగ్గయ్యపేట స్తూపం వద్ద దొరికిన శాసనం ఇక్ష్వాకు వీరపురుషదత్తుని ఇరవయ్యవ పాలనా సంవత్సరానిది. అందులో ‘ఆవేశని’ సిద్ధార్థుడు, అదే వృత్తిలోని నాగచంద్రుని కొడుకు, వేలగిరి మహాచైత్యానికి ఐదు ఆయక స్తంభాలు సమర్పించాడు. ఆవేశని అంటే పనివాళ్ల పెద్ద, శిల్పశాల నాయకుడు. ఆ దానంలో తల్లి, భార్య, పిల్లలు, సోదరుడు అందరి పేర్లూ చేరాయి. శాతవాహన రాజు శ్రీశాతకర్ణి ఆవేశని ఆనందుని పేరు సాంచీ దక్షిణ తోరణం మీద ఉంది. అమరావతిలో పూర్ణఘటం చెక్కిన పలకను దానం చేసినవాడు విధికుడనే చర్మకారుడు. చేతిపని చేసేవారు తమ పేరు రాతిమీద రాయించుకోగలిగిన కాలం ఒకటి ఈ నేలమీద ఉంది. ధర్మనంది–సువర్ణశ్రీ అనే తండ్రీకొడుకుల జంట, నాగచంద్రుడు–సిద్ధార్థుల జంటకు కల్పనలో దగ్గరి చుట్టం. బాపిరాజు ఈ శాసనాన్ని ఆధారంగా తీసుకున్నారని చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. చరిత్ర ఒప్పుకోని కల్పన ఆయన చేయలేదని చెప్పడమే ఉద్దేశం.

1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పోటీలో బాపిరాజు ‘నారాయణరావు’, విశ్వనాథ ‘వేయిపడగలు’ బహుమతిని పంచుకున్న సంగతి తెలిసిందే. పాత సమాజంలో కాపాడవలసింది ఏది అన్న ప్రశ్న ఇద్దరికీ ఉంది. విశ్వనాథ జవాబు గుడిలో, ధర్మవ్యవస్థలో ఉంది. బాపిరాజు జవాబు కళలో, దాన్ని కన్న చేతిలో ఉంది. ఈ భేదాన్ని సంప్రదాయవాదం, కాల్పనికవాదం అన్న రెండు పెట్టెల్లో పెట్టి మూసివేయడం వల్ల బాపిరాజుకు నష్టం ఎక్కువ జరిగింది. కాల్పనికుడన్న పేరు వచ్చాక ఆయన ఆలోచనను ఆలోచనగా పరీక్షించవలసిన అవసరం విమర్శకు లేకపోయింది. పరీక్షించనిదానిలో లోపం కూడా కనపడదు.

5. రామతీర్థం అడిగే ప్రశ్న

ఆ లోపం కనపడడానికి ధాన్యకటకం నుంచి ఉత్తరానికి రావాలి. విజయనగరానికి సమీపంలో, నెల్లిమర్ల మండలంలో ఉన్న రామతీర్థం నేడు రామక్షేత్రంగా ప్రసిద్ధం. అక్కడి బోధికొండ, దుర్గకొండ, గురుభక్తులకొండలు అంతకు ముందటి చరిత్రను కూడా మోస్తున్నాయి. ఇరవయ్యవ శతాబ్దం తొలి దశాబ్దాల్లో పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వకాలు జరిపి, గురుభక్తులకొండ మీద స్తూపం, చైత్యాలు, భిక్షువుల గదులు ఉన్న బౌద్ధారామాన్ని వెలికితీశాడు. దుర్గకొండ మీద బౌద్ధ అవశేషాలతో పాటు జైన తీర్థంకరుల విగ్రహాలు ఉన్నాయి. ఒకే ఊరు మూడు మతాల యాత్రాస్థలంగా బతికింది.

ఇక్కడ అమరావతి వంటి పాలరాతి పలకలు లేవు. జాతక కథలు చెక్కిన ప్రాకారం లేదు. కొండ అంచున నేలను చదును చేసి, రాతితోనూ ఇటుకతోనూ కట్టిన గోడలు, వాటి మధ్య గజపృష్ఠాకారపు చైత్యగృహాల పునాదులు ఉన్నాయి. కట్టడంలో నేర్పు తక్కువ కాదు. వానలో కొండవాలు జారకుండా కట్ట నిలబెట్టడం, మన్ను తొక్కి ఇటుక కాల్చి కొండమీదికి మోయడం, అర్ధవృత్తాకారపు గోడను ఇటుకతో ఒంపు తిప్పడం సామాన్యమైన పనులు కావు. అయితే ఈ నేర్పుకు పేరు లేదు. ఇక్కడి గుహలో తూర్పు చాళుక్య విమలాదిత్యుని (1011–1018) కాలపు కన్నడ శాసనం ఒకటి ఉంది. దేశిగణానికి చెందిన జైనాచార్యుడు త్రికాలయోగి సిద్ధాంతదేవుడు రామకొండకు భక్తితో వందనం చేసిన సంగతి అది చెబుతుంది. రాజు పేరు ఉంది, గురువు పేరు ఉంది. ఆ గురువు ఏ విగ్రహాల ముందు తల వంచాడో వాటిని చేసినవారి పేరు లేదు. జగ్గయ్యపేట సిద్ధార్థునికి దొరికిన స్థానం ఇక్కడి చేతులకు దొరకలేదు.

ఈ దృష్టితో మళ్లీ ‘హిమబిందు’ వద్దకు వెళితే ఒక సంగతి స్పష్టమవుతుంది. బాపిరాజు చేతిపనిని గౌరవించారు. కానీ ఆయన గౌరవించిన చెయ్యి ఉలి పట్టిన చెయ్యి. స్తూపం గర్భంలో ఉన్నది ఇటుక, మన్ను. పైన కనిపించేది చెక్కిన రాయి. నవల చూపు పై రాతి దగ్గర ఆగింది. సువర్ణశ్రీ శిల్పాచార్యుని కొడుకు, విద్యావంతుడు, సుందరుడు. అతనికి పేరు పెట్టి ప్రేమించడం సులభం. ఇటుక కాల్చేవారు, రాయి మోసేవారు, సున్నం నూరేవారు నవల దృష్టికేంద్రం కాలేదు. గిల్డ్‌లో ఆష్‌బీకి ఎదురైన వైరుధ్యమే ఇక్కడ కల్పనలో తిరిగి వచ్చింది. రాజుకూ శిల్పికీ మధ్య గోడను కూల్చిన చూపు, శిల్పికీ కూలికీ మధ్య గోడను చూడలేదు.

దీని ఫలితం ఒక్క నవలతో ఆగలేదు. తెలుగు చారిత్రక నవలకు ధాన్యకటకం, విజయపురి, ఓరుగల్లు కేంద్రాలయ్యాయి. ‘హిమబిందు’, ‘అడివి శాంతిశ్రీ’, ‘గోన గన్నారెడ్డి’ ఈ మూడు కేంద్రాల చుట్టూనే నడిచాయి. శాలిహుండం, శంకరం, రామతీర్థం వంటి ఉత్తరాంధ్ర స్థలాలు ఆ భావనాపటంలో చోటు సంపాదించలేకపోయాయి. రాజధాని కాకపోవడం ఇందుకు ఒక కారణం. చూపు చెక్కిన రాతి కోసం వెతకడం మరొక కారణం. అందం అంటే అలంకరణ అన్న సూత్రం అంగీకరించాక, అలంకరణ లేని కట్టడం చరిత్రకు పనికివస్తుంది తప్ప నవలకు పనికిరాదు. ఏ గతానికి కథ దక్కాలి అన్నది ఇలా నిర్ణయమవుతుంది.

6. ‘శిల్పం’ అనే మాట

ఈ చర్చ మన విమర్శ పరిభాషకు కూడా సంబంధించినది. పాత వాడుకలో శిల్పం అంటే విగ్రహం చెక్కడం ఒక్కటే కాదు, చేతితో చేసే ఏ పనితనమైనా శిల్పమే. ఆధునిక సాహిత్య విమర్శ ఈ మాటను తీసుకొని కథాశిల్పం, నవలాశిల్పం అన్న సమాసాలు కల్పించుకుంది. అందులో వస్తువు ఒకవైపు, శిల్పం ఒకవైపు నిలిచాయి. ఏం చెప్పాడు అన్నది వస్తువు, ఎలా చెప్పాడు అన్నది శిల్పం. ఈ విభజనలో మాటకున్న చేతి తడి ఆరిపోయింది. ముందు ఆలోచన, తరువాత దానికి తొడుగు అన్న భావన మిగిలింది. రస్కిన్ ఆక్షేపించిన తల–చేతుల విభజన ఇదే. బాపిరాజు వర్ణనను కథకు అదనం అన్న తీర్పు ఈ పరిభాషలోంచే పుట్టింది.

ఉత్తరాంధ్ర చేతిపనులు ఈ పరిభాషకు జవాబు చెప్పగలవు. బొబ్బిలి వీణను గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీకులు పనసకర్రతో చేస్తారు. ఏకాండి వీణలో కుండ, దండి ఒకే దుంగలోంచి తొలిచినవి. కర్ర పొర చూసి ఉలి దిశ మారుతుంది. రూపం ముందు కాగితం మీద పుట్టి తరువాత కర్రలోకి దిగదు. పొందూరు ఖాదీలో పత్తిని వాలుగ చేప దవడతో ఏకి శుభ్రం చేసే పద్ధతి ఉంది. ఆ సన్ననూలుకు కారణం ఆ పనిలో ఉన్న నిదానం. అక్కడ వస్తువు వేరు, శిల్పం వేరు అని గీత గీయడం కుదరదు. అలాగే ఈ రెండు వస్తువులనూ లోకం ఊరి పేరుతో పిలుస్తుంది, చేసినవారి పేరుతో కాదు. రామతీర్థం ఇటుకకు ఉన్న అనామకత్వం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

7. ముగింపు

పై పరిశీలన వల్ల తేలే విషయాలు రెండు. మొదటిది, బాపిరాజు నవలల్లో వస్తువర్ణన ఒక సిద్ధాంతపు భాష. రాజమహేంద్రవరంలో కూల్డ్రే నేర్పిన చూపు, బందరు జాతీయ కళాశాల నమ్మిన విద్య, వాటికి సమాంతరంగా ఆష్‌బీ, కుమారస్వాములు నడిపిన చర్చ, ఈ మూడింటినీ కలిపి చదివితే తప్ప ఆ భాష పూర్తిగా అర్థం కాదు. ‘హిమబిందు’లో శిల్పికి నాయకస్థానం దక్కడం తెలుగు చారిత్రక నవలలో చిన్న విషయం కాదు. ఆ ఘనతను కాల్పనికత పద్దులో రాసి తగ్గించడం న్యాయం కాదు.

రెండవది, ఆ గౌరవం ఉలి దగ్గర ఆగింది. ఈ మాట బాపిరాజును తక్కువ చేయడానికి చెప్పినది కాదు. చేతిని గౌరవించమని మనకు నేర్పినవాడు ఆయనే గనుక, ఏ చేతిని అన్న ప్రశ్న అడిగే హక్కు కూడా ఆయన రచనలోంచే మనకు వస్తుంది. బాపిరాజు ఒక శిల్పికి పేరు పెట్టారు. గురుభక్తులకొండ మీద గోడ ఒంపు తిప్పిన తాపీపనివానికీ, ఆ ఇటుకను కొండెక్కించిన మనిషికీ తెలుగు నవలలో ఇంకా పేరు లేదు.